మూడు చుట్లు

నా కారు ఆగిపోవాలంటే పాలెంలో వంద చోట్లున్నాయి. అన్నీ వదిలేసి సరిగ్గా ఐసు షెడ్డు ముందు, మాల్యాద్రి మామ బల్ల మీద కూర్చుని టీ తాగుతుండగా ఆగింది. మలుపు కోసం స్టీరింగు కడదాకా తిప్పాను. నెల రోజులుగా తిరిగినప్పుడల్లా టకటకమంటూ వస్తున్న ముందు చక్రం ఈసారి ఫట్‌మని ఒక్క చప్పుడు చేసింది. ఆ తర్వాత ఇంజను అరుస్తోంది గానీ బండి కదలదు.

మామ గ్లాసు కింద పెట్టాడు. నాతో మాట్లాడకూడదు కనుక పక్కనున్న వాళ్లతో అన్నాడు.

"ఇరుసొకటే ఇరిగిందా, పొగరు గూడా ఇరిగిందా? కనుక్కోండ్రా."

నలుగురూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. దిగి, డోరు తెరిచి పెట్టుకుని, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, భుజంతో బండిని నెట్టుకుంటూ ఇంటిదాకా తెచ్చుకున్నాను. దారి పొడుగునా గుమ్మాల్లో జనం నిలబడి చూశారు. ఒక్క చెయ్యి కూడా పడలేదు.

పడదని నాకు తెలుసు. నా మీద దురాయి ఉంది. మా పాలెంలో పెద్దలు ఒక ఇంటి మీద దురాయి వేస్తే ఆ ఇంటి మనిషితో ఎవరూ మాట్లాడరు, సాయం చెయ్యరు, ఆటో ఎక్కించుకోరు, కుళాయి దగ్గర బిందె పెట్టనివ్వరు. మాట్లాడిన వాళ్ల మీద కూడా అదే దురాయి పడుతుంది. నా మీద వేసి ఎనిమిది రోజులైంది.

నేను చేసిన నేరం పీతల్ని కారెక్కించడం. మా ఆడవాళ్లం పాయలో నడుం లోతు నీళ్లలో నిలబడి పీతలు పడతాం. మేము పట్టిన పీత ఏదైనా ఐసు షెడ్డులోనే తూకం వెయ్యాలని పాలెం పెద్ద మాల్యాద్రి మామ షెడ్డు యజమానికి మాట ఇచ్చాడు. ఆ షెడ్డాయన పీతను బొటనవేలితో ఒకసారి నొక్కుతాడు, "నీళ్ల పీత" అని పక్కన పడేస్తాడు. నీళ్ల పీత అంటే లోపల కండ లేనిది, దేనికీ పనికి రానిది. పక్కన పడేసినవి సాయంత్రానికి మంచి పీతలతో కలిసి లారీ ఎక్కడం నా కళ్లతో నేను చూశాను. ఆ మర్నాడే నా పీతల్ని కారులో నెల్లూరు తీసుకుపోయాను. వారం తిరిగేసరికి ఇంకో ఆరుగురు బుట్టలతో వచ్చారు. వాళ్లవీ ఎక్కించుకున్నాను.

పెద్దలు వలల షెడ్డు దగ్గర పంచాయతీ పెట్టి, తప్పు చేసిన ఆడవాళ్లంతా నేలకు తల ఆనించి మొక్కమన్నారు. ఆరుగురూ మొక్కారు. ఆ ఆరుగురిలో మా అత్త గురవమ్మ కూడా ఉంది. ఆవిడ మాల్యాద్రి మామకి సొంత అక్క. తల్లి పోతే చిన్నప్పుడు ఆయన్ని పెంచింది ఆవిడే. ఆవిడ వంగి మొక్కుతుంటే ఆయన ఆకాశంలోకి చూశాడు. నేను మొక్కలేదు. "నా ఎండ్రకాయ నా ఇష్టం మామా, నువ్వు నా కోసం పాయలో దిగినావా?" అని అడిగాను. అంతే.

మా ఆయన చిన్నబాబు పడమటి తీరంలో ఎవరిదో బోటు మీద పనికి పోయి ఉన్నాడు. బోటు లోపలికి పోతే పది రోజులదాకా ఫోను అందదు. అందినా "మొక్కెయ్‌మే, పోయేదేముంది" అని ఉండేవాడు. మంచివాడే, భయస్తుడు.

కారు తోసుకొచ్చిన గంటకి ఒకడు మా ఇంటి ముందు నిలబడి, నాతో మాట్లాడకూడదు కాబట్టి కొబ్బరిచెట్టు వైపు తిరిగి, గాలితో చెప్పినట్టు చెప్పాడు.

"రేపు పొద్దుగూకే లోపల వచ్చి మొక్కితే దురాయి తీసేస్తారంట. మొక్కితేనే ఎండ్రకాయలు తూకం ఏస్తారంట. లేదంటే కుళ్లబెట్టుకోవాల్సిందేనంట."

ఇంట్లో మూడు గోతాల పీతలున్నాయి. కొరికే డెక్కలు కట్టి, తడి గోతంలో నీడన పెడితే ఈ ఎండలకి పీత రెండు రోజులు బతుకుతుంది. చచ్చిన పీత ఎవరికీ అక్కర్లేదు. మా రోడ్డుకి బస్సు రాదు, ఆటోలన్నీ పాలెంవే. అంటే రేపు సాయంత్రానికి కారన్నా కదలాలి, నేనన్నా వంగాలి. మొక్కడం నా వల్ల కాదు. కనుక కారే కదలాలి.

ఎండలో మూడు మైళ్లు నడిచి హైవే జంక్షన్‌లో ఉన్న బెన్హర్ షెడ్డుకి పోయాను. చిట్టమూరు టీచరమ్మ దగ్గర ఈ పాత కారు కొన్నప్పటినుంచి దానికి మెకానిక్ అతనే. నన్ను చూడగానే తల దించుకున్నాడు.

"అక్కా, నేను రాలేను. మీ పాలెం బోటింజన్లన్నీ నా దగ్గరికే వస్తాయి. మాల్యాద్రన్న ఇప్పుడే ఫోన్ చేసినాడు."

"నిన్ను రమ్మంటినా? సామాను ఇయ్యి. ఎట్టా ఎక్కియ్యాలో చూపియ్యి."

"ఇంటికాడ చేసే పని గాదక్కా అది."

"ఎండ్రకాయలు పట్టేది గూడా ఇంటికాడ చేసే పని గాదు. చూపియ్యి."

బెన్హర్ నా చేతుల వైపు చూశాడు. డెక్కలు కొరికిన మచ్చలు వేలికి రెండు చొప్పున ఉంటాయి. బల్ల మీద ఉన్న వేరే కారు యాక్సిల్ తీసుకుని, నేను ఫోన్‌లో వీడియో తీస్తుండగా చేసి చూపించాడు. యాక్సిల్ అంటే పొడుగాటి ఇనప కడ్డీ. దాని చివర చుట్టూ సన్నటి పళ్లు. ఆ పళ్లు చక్రం వైపున్న సీవీ జాయింటు లోపలి పళ్లలో దూరాలి. ఆ జాయింటు ఇనప గుండ్ల మీద తిరిగే కీలు, నా బండిలో విరిగింది అదే. కడ్డీ కొసన ఒక గాడి ఉంటుంది, ఆ గాడిలో తీగంత రింగు. ఆ రింగు నొక్కుకుని లోపలికి పోయి, అవతల పక్క విప్పుకుంటే ఇంక జాయింటు ఊడి రాదు.

"టక్‌మనాలక్కా. టక్‌మంటేనే పట్టినట్టు. జాయింటు మీద కప్పే రబ్బరు బూటు మాత్రం ముందే కడ్డీకి తొడుగు, మరిసిపోతే మళ్లీ మొదటికొస్తావు. అంతా బిగిచ్చినాక స్టీరింగు కడదాకా తిప్పి, గుండ్రంగా మూడు చుట్లు కొట్టు. టకటక లేదంటే అయిపోయినట్టే."

కొత్త జాయింటు, బూటు, క్లిప్పులు, గ్రీజు ప్యాకెట్టు సంచిలో వేసి ఇచ్చాడు. చివర్లో తన పెద్ద పానా కూడా అందులో పడేశాడు.

"ఇది నేనియ్యలేదు. నువ్వెత్తుకుపోయినావు" అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే మొదలుపెట్టాను. జాకీ ఎత్తి, బండి కింద పడవ దుంగలు రెండు పేర్చాను. చక్రం మధ్య నట్టు ఎంత తిప్పినా రాలేదు. పానాకి ఇనప గొట్టం తొడిగి, గొట్టం మీద ఎక్కి నిలబడి గెంతాను. మూడో గెంతుకి నట్టు కిర్రుమంది. చక్రాన్ని మోసే ఇనప ముద్దను కింద నుంచి విడదీసి, పక్కకి లాగి, కడ్డీని బయటికి తీశాను. పాత జాయింటును సుత్తితో కొట్టి ఊడబీకితే లోపల ఉండాల్సిన ఆరు గుండ్లలో నాలుగే ఉన్నాయి. చినిగిన బూటులోంచి పోయిన పాయ నీళ్లు, ఇసుక మిగిలిన రెంటినీ తినేశాయి.

అక్కడిదాకా బాగానే చేశాను. ఆ తర్వాత చేసిన పనికి ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను. మా పాలెంలో ఏ వస్తువునైనా ముందు పాయలో ముంచుతాం. వల గానీ, బుట్ట గానీ, పడవ మోటారు గానీ, ముందు పాయ నీళ్లు చూడాల్సిందే. జిడ్డుంటే గుప్పెడు ఇసుక వేసి తోముతాం. పైగా కుళాయి నాకు లేదు. ఆలోచించకుండానే కడ్డీని తీసుకుపోయి పాయలో ముంచి, ఇసుక వేసి తళతళలాడేలా తోముకొచ్చాను. ఎంత శుభ్రమైందోనని మురిసిపోయాను కూడా.

బూటు తొడిగాను. రింగు గాడిలో పెట్టాను. కడ్డీని జాయింటులో పెట్టి నెట్టాను. పళ్లు వేలెడు కూడా దూరకుండానే బిగుసుకుపోయాయి. సుత్తితో కొట్టాను, కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టాను, ఇంకా గట్టిగా బిగుసుకుంది. ఎండ నెత్తి మీదికి వస్తోంది. లోపల గోతాల్లో పీతలు బరబరమంటున్నాయి. ఏడుపొచ్చింది. ఏడ్చాను, కాకపోతే తిడుతూ ఏడ్చాను. మాల్యాద్రి మామను, షెడ్డాయన బొటనవేలిని, మొక్కిన ఆరుగురిని, అందరినీ తిట్టాను. ఆ ఆరుగురిలో మా అత్త పేరు కూడా గట్టిగానే వచ్చింది.

అత్త ఎదురింట్లో మా మరిది దగ్గర ఉంటుంది. తొమ్మిది రోజులుగా నా వైపు కన్నెత్తి చూడలేదు. ఆ పూట గుమ్మంలో కూర్చుని, గుంజకి కట్టిన ఎర్ర పెట్టకి నూకలు వేస్తోంది. నా తిట్లన్నీ విన్నది. విని, పెట్టతో అంది.

"ఏమే కోడీ, బుర్రుందా నీకు? ఉప్పునీళ్లల్లో ముంచి ఇసకేసి తోమను అదేమన్నా కూరసట్టా? పళ్ల సందుల్లో ఇసక కూచుంటే ఎట్టా దూరతాది?"

నేను సుత్తి పక్కన పెట్టాను. అత్త నా వైపు చూడలేదు. లేచి లోపలికి పోయి, బిందెడు కుళాయి నీళ్లు తెచ్చి వీధి మధ్యలో పెట్టింది.

"తాగవే కోడీ, దప్పికయినట్టుండాది" అంది. మళ్లీ పోయి సీసాడు డీజిలు తెచ్చి బిందె పక్కన పెట్టింది. "ఇది గూడా తాగు."

డీజిలు తాగే కోడి ప్రపంచంలో ఎక్కడా లేదు. పోయి రెండూ తెచ్చుకున్నాను. వస్తుంటే నవ్వొచ్చింది. తొమ్మిది రోజుల తర్వాత అదే మొదటిసారి.

జాయింటు ఊడబీకి, కడ్డీని, పళ్లని, గాడిని డీజిలుతో కడిగి, పాత పళ్లబ్రష్షుతో సందుసందూ రుద్ది, మంచినీళ్లు పోసి, పాత లుంగీతో తడి లేకుండా తుడిచాను. మళ్లీ పెట్టాను. ఈసారి పళ్లు వెన్నలోకి పోయినట్టు పోయాయి. పోయి, రింగు దగ్గర ఆగాయి. రింగు గాడిలో ఒక పక్కకి జారి, రెండో పక్క బయటికి పొడుచుకొచ్చి అడ్డం పడుతోంది. వేలితో నొక్కితే వేలు నలుగుతోంది, వేలు తీస్తే మళ్లీ విప్పుకుంటోంది. వీడియో నాలుగుసార్లు చూశాను. బెన్హర్ అరచెయ్యి అడ్డం పెట్టి ఒక్క దెబ్బ వేస్తాడు, టక్‌మంటుంది. ఆ అరచేతి కింద ఏం చేశాడో వీడియోలో లేదు.

ఎదురింటి నుంచి మళ్లీ గొంతు వచ్చింది.

"కోడీ, నాకొకటి జెప్పు. డెక్కలు కట్టని ఎండ్రకాయని యే తిక్కలదన్నా గోతంలో ఏస్తాదా?"

నా చేతులకి ముందు అర్థమైంది, బుర్రకి తర్వాత. పీతను పట్టగానే రెండు డెక్కల్నీ ఒంటికి అదిమి, నైలాను దారం ఒక చుట్టు తిప్పి, కొస బయటికి వదిలి ముడి వేస్తాం. ఎంత పెనుగులాడినా విప్పుకోదు. కొస పట్టి లాగితే మాత్రం ముడి జారి దారం ఒక్కసారిగా ఊడొస్తుంది. రోజుకి వంద పీతలకి కడతాను. ఆ ముడి నాకు బెన్హర్ నేర్పక్కర్లేదు.

గోతంలోంచి దారం తెచ్చాను. రింగును గాడిలోకి అదిమి, ఒక చుట్టు తిప్పి, బిగించి, కొస వదిలాను. పైన గ్రీజు పూశాను. కడ్డీని నిదానంగా నెడితే రింగు అంచు జాయింటు నోట్లోకి దిగింది. దిగిందని వేలితో తడిమి చూసుకుని కొస లాగాను. దారం జారి చేతికొచ్చింది, రింగు లోపలే ఉండిపోయింది. జాయింటు మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో కొట్టాను. ఒకటి. రెండు. మూడో దెబ్బకి టక్‌మంది.

ఆ చప్పుడు చిన్నదే. నా ఒళ్లంతా వినిపించింది. కడ్డీని తొక్కిపెట్టి జాయింటును రెండు చేతులతో లాగాను. ఊడలేదు. మళ్లీ లాగాను. ఊడలేదు. గ్రీజు కూరి, బూటు పైకి లాగి, క్లిప్పులు బిగించాను. ఎదురింట్లో అత్త నూకల చేట దులుపుకుంటూ, "గుడ్డు పెట్టిందే కోడి" అని తనలో తను అనుకుంది.

అప్పుడే మాల్యాద్రి మామ వచ్చాడు. వెనకాల ఇద్దరు మనుషులు. నా పక్కనున్న ఖాళీ బిందెను చూశాడు, డీజిలు సీసాను చూశాడు, అక్కను చూశాడు.

"ఎవురితో మాట్లాడతా ఉండావు అక్కా?"

"నా కోడితో. దురాయి కోడి మీద గూడా ఏసినారా?"

వెనకాల ఉన్నవాళ్లలో ఒకడు నవ్వబోయి దగ్గాడు. మామ ముఖం ముడుచుకుని అక్కడే నిలబడ్డాడు. నేను వాళ్లను పట్టించుకోకుండా కడ్డీని బండి కిందికి తీసుకుపోయాను. ఒక కొసను గేరుపెట్టెలో నెట్టేశాను. రెండో కొస, కొత్త జాయింటు ఉన్నది, చక్రం ముద్దలో దూరాలి. దానికి ముద్దను ఒకరు బలంగా బయటికి లాగి పట్టుకోవాలి, ఇంకొకరు కడ్డీని గురి చూసి లోపలికి పెట్టాలి. నాకు ఉన్నవి రెండు చేతులు. కాలితో ముద్దను తోసి చూశాను, జారింది. తాడు కట్టి లాగి చూశాను, తిరిగిపోయింది. రెండోసారి జారినప్పుడు మోచెయ్యి చీరుకుపోయింది.

"ఒక్కరితో అయ్యే పని గాదని బెన్హర్ జెప్పలేదా?" మామ తన మనుషులతో అన్నాడు. "ఇంకొక చెయ్యి గావాల. యాడ దొరకతాది? పోండ్రా, షెడ్డు ముందర చాప పరవండి, మొక్కేదానికి వస్తాది."

నేను బండి కిందే ఉన్నాను. అక్కడి నుంచి చూస్తే మనుషుల పాదాలే కనిపిస్తాయి. వీధి అవతల నుంచి రెండు పాదాలు దిగడం చూశాను. మడమలు పగిలినవి, కుడికాలి బొటనవేలికి గోరు లేనివి. ఆ పాదాలు వీధి మధ్యకి వచ్చాయి.

"అక్కా, ఈ పక్కకి వచ్చినావంటే..." అన్నాడు మామ.

"వస్తే ఏంది? నా మీద గూడా ఏస్తావా? ఏసెయ్యి." అత్త ఆగలేదు. "నలభై ఏండ్లు ఎండ్రకాయలు పట్టినా. నీళ్లదేదో కండదేదో నాకు తెలవదంట, ఆ షెడ్డోడి బొటనేలికి తెలుసంట. నా తమ్ముడే గదా అని మొక్కినా. నీకు బువ్వ కలిపి పెట్టిన చెయ్యి నేలకి ఆనిచ్చినా. నువ్వు ఆకాశంలోకి జూసినావు. ఆ పొద్దుకాడ్నించి నాకు తిన్నది ఒంటికి పట్టలేదురా."

మామ పాదాలు ఒక అడుగు వెనక్కి పడ్డాయి.

అత్త నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. చీర కొంగు చేతులకి చుట్టుకుని, చక్రం ముద్దను పట్టుకుని, వల లాగినట్టు వెనక్కి వాలి లాగింది. ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు. ముద్ద బయటికి వచ్చింది.

"ఏంది మే జూస్తా ఉండావు? పెట్టు" అంది. తొమ్మిది రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

పెట్టాను. దూరింది. నట్టు బిగించి, గొట్టం మీద ఈసారి ఇద్దరం గెంతాం. లేచి చూసేసరికి మామ వెళ్లిపోయాడు.

మూడు గోతాలూ తడిపి వెనకాల ఎక్కించాను. అత్త పోయి తన బుట్ట తెచ్చుకుంది, పెట్టను విప్పి చంకన పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. దాన్నెందుకని అడిగితే, "సాక్షి" అంది.

గుండ్రంగా మూడు చుట్లు కొట్టాలన్నాడు బెన్హర్. మా పాలెంలో కారు గుండ్రంగా తిరిగేంత చోటు ఒక్కటే ఉంది, ఐసు షెడ్డు ముందు. చోటు మధ్యలో మామ బల్ల. బల్ల మీద మామ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కొత్త చాప పరిచి ఉంది.

స్టీరింగు కడదాకా తిప్పాను. నా గుండె చక్రంలోనే ఉంది. బండి బల్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. కిటికీ అద్దం దించి చెవి బయటికి పెట్టాను. ఇంజను చప్పుడు వినిపించింది, ఇసుక నలిగే చప్పుడు వినిపించింది. టకటక లేదు. రెండో చుట్టు ఇంకొంచెం జోరుగా కొట్టాను. లేదు. జనం గుమ్మాల్లోంచి వీధిలోకి వచ్చారు. మూడో చుట్టులో చాప మీదుగా పోయాను. అవసరం లేదు, అయినా పోయాను.

అత్త కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"మొక్కొకటే గదరా అడిగినావు? ప్రదచ్చినం గూడా జేసినాం, సరిపోయిందా?"

ఎవరో గట్టిగా నవ్వారు. మామ లేవలేదు, తల ఎత్తలేదు. ఆయన్ని చూస్తే నాకు జాలి వేస్తుందేమో అనుకున్నాను. వెయ్యలేదు.

బండి నిదానం చేసి రోడ్డుకి తిప్పుతుంటే, ఆరోజు మొక్కిన వాళ్లలో ఒకామె బుట్ట నెత్తిన పెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. నా వైపు చూడలేదు. అత్త ఒళ్లో ఉన్న పెట్టతో అంది.

"కోడీ, నెల్లూరికేనా? నా బుట్టకి జాగా ఉందేమో అడుగు."

"ఉందంట" అంది అత్త. వెనక డోరు తెరిచాను. రెండో ఆమె వచ్చి కోడిని అడిగింది. మూడో ఆమె అడిగింది. నాలుగో ఆమె కోడిని అడుగుతూ అడుగుతూ నవ్వేసింది.

ఐదో ఆమె అందరికంటే చిన్నది, పెళ్లై రెండేళ్లైనా కాలేదు. బుట్ట చంకన పెట్టుకుని వచ్చి నిలబడింది. పెట్టను చూసింది. వెనక్కి తిరిగి బల్ల మీదున్న మామను చూసింది. తర్వాత వంగి, కిటికీలోంచి నా కళ్లలోకి చూసింది.

"దుర్గక్కా, నా బుట్టకి జాగా ఉందా?" అంది, బల్ల దాకా వినిపించేటట్టు.

"ఉంది. ఎక్కియ్యి" అన్నాను.